టీమక్స్ పేన్‌ని చిన్నది చేసి మళ్ళీ పెద్దది చేస్తే కొన్ని లైన్లే ఎందుకు అతుక్కుంటాయి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ల్యాప్‌టాప్‌ని పెద్ద మానిటర్ నుంచి తీసి, కాసేపటికి మళ్ళీ తగిలించారు. టీమక్స్ (ఒకే టెర్మినల్‌ని పేన్‌లు అనే భాగాలుగా విడగొట్టే ప్రోగ్రామ్) పేన్‌లోని పాత అవుట్‌పుట్‌లో కొన్ని లైన్లు పూర్తి వెడల్పుకి వచ్చేశాయి, కొన్ని సగంలో తెగినట్టే ఉండిపోయాయి. పైగా ప్రాంప్ట్ (కమాండ్ టైప్ చేసే చోటికి ముందు కనిపించే గుర్తు) రెండు మూడుసార్లు కనిపిస్తోంది. ఇది బగ్గా, లేక మార్చుకోవాల్సిన సెట్టింగ్ ఏదైనా ఉందా?

బగ్ కాదు, ఒక్క సెట్టింగ్‌తో పోయేదీ కాదు. లైన్‌ని విరిచింది ఎవరన్న దాన్నిబట్టే అంతా ఉంటుంది. టీమక్స్ తనంతట తాను మడిచిన లైన్‌ని, చోటు దొరగ్గానే తనే విప్పుతుంది. ప్రోగ్రామ్ వెడల్పు కనుక్కుని, అక్కడ న్యూలైన్ (లైన్ ముగిసిందని చెప్పే అక్షరం) పెట్టి విరిచిన లైన్‌ని మాత్రం టీమక్స్ అతకలేదు. దాని దృష్టిలో అవి రెండు వేర్వేరు లైన్లు. ఇక విమ్ (ఎడిటర్), హెచ్‌టాప్ (నడుస్తున్న ప్రాసెస్‌లని చూపేది) లాంటి ఫుల్ స్క్రీన్ ప్రోగ్రాముల విషయంలో టీమక్స్ అసలు సర్దే ప్రయత్నమే చేయదు, ప్రోగ్రామే మళ్ళీ గీసుకుంటుందని వదిలేస్తుంది.

లోపల జరిగేది చూద్దాం. టీమక్స్ ప్రతి పేన్‌కీ ఒక గ్రిడ్ (వరుసలు, కాలమ్‌ల గడుల పట్టిక) ఉంచుకుంటుంది. చివరి కాలమ్ నిండాక ఇంకో అక్షరం వస్తే, ఆ వరుస మీద 'ఇది మడత పడింది' అని ఒక ఫ్లాగ్ పెట్టి కింది వరుసలో రాస్తుంది. పేన్ వెడల్పు మారినప్పుడు ఈ ఫ్లాగుల్ని చూస్తూ గ్రిడ్ మొత్తాన్ని, స్క్రోల్‌బ్యాక్‌తో (తెర పైకి జరిగిపోయిన పాత అవుట్‌పుట్‌తో) సహా, తిరిగి పేరుస్తుంది. దీన్నే రీఫ్లో అంటారు. 2013లో వచ్చిన 1.8 వెర్షన్ నుంచి ఇది ఉంది. ఇరుకు చేసినప్పుడు న్యూలైన్‌తో ముగిసిన పొడవు లైన్లని కూడా విడదీస్తుంది, కానీ అలా విడదీసిన చోటా ఫ్లాగ్ పెడుతుంది కాబట్టి వెడల్పు చేస్తే అవి మళ్ళీ యథాస్థానానికి వస్తాయి.

కాబట్టి గుర్తుంచుకోవాల్సింది ఇదీ: వెడల్పుగా ఉన్నప్పుడు ముద్రించినవి ఇరుకు చేసినా పాడైపోవు. ఇరుకుగా ఉన్నప్పుడు, ఆ ఇరుకుని చూసుకుని ప్రోగ్రామ్ ముద్రించినవే శాశ్వతంగా ఇరుకు. మీకు తెగి కనిపిస్తున్న లైన్లు చాలావరకు మానిటర్ తీసేసి ఉన్న సమయంలో వచ్చినవే అయి ఉంటాయి. టైమ్‌స్టాంపులు ఉంటే సరిచూసుకోండి.

నమ్మకం కుదరకపోతే చిన్న పరీక్ష ఉంది. ప్రింట్‌ఎఫ్‌తో, ముందు సున్నాలు నింపి 300 అంకెల వెడల్పుతో ఒక సంఖ్యని ముద్రించండి. ఇది ఒకే లైను. పేన్ 100 కాలమ్‌లుంటే 3 వరుసలు, 150 చేస్తే 2, 60కి దించితే 5. ఎన్నిసార్లు అటూ ఇటూ లాగినా లెక్క తప్పదు. ఇప్పుడు అదే అవుట్‌పుట్‌ని ఫోల్డ్ కమాండ్‌కి పైప్ చేసి, వెడల్పు 80 ఇవ్వండి. 80, 80, 80, 60 చొప్పున నాలుగు లైన్లు వస్తాయి. పేన్‌ని 200కి పెంచినా ఆ నాలుగూ నాలుగే. 60కి తగ్గిస్తే ఒక్కో 80 లైనూ 60, 20గా విరిగి మొత్తం 7 వరుసలవుతాయి. ఒక నిండు వరుస, కింద ఒక పొట్టి ముక్క, మళ్ళీ నిండు వరుస, మళ్ళీ పొట్టి ముక్క. ఈ ఆకారం ఎక్కడ కనిపించినా, ముందు ప్రోగ్రామ్ విరిచిందనీ, దాని మీద టీమక్స్ మడిచిందనీ అర్థం.

100 కాలమ్‌ల పేన్‌లో 300 అంకెలు సరిగ్గా మూడు వరుసలు నింపుతాయి కదా, మరి న్యూలైన్ వల్ల కింద ఖాళీ వరుస ఎందుకు రాదు అని అడగొచ్చు. వీటీ100 అనే పాత టెర్మినల్ కాలం నుంచి వస్తున్న పద్ధతి అది. చివరి కాలమ్‌లో అక్షరం పడగానే కర్సర్ కిందికి దిగదు, అక్కడే ఆగుతుంది. తరవాతి అక్షరం వస్తేనే మడత పడుతుంది. ఆ వచ్చేది న్యూలైన్ అయితే మామూలుగా ఒక్క వరుసే దిగుతుంది, మడత ఫ్లాగ్ పడదు. సొంతంగా టెర్మినల్ అవుట్‌పుట్ లైబ్రరీలు రాసేవాళ్ళు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. చివరి కాలమ్ నింపగానే కర్సర్ కింద ఉందనుకుని లెక్క వేస్తారు, అక్కణ్ణుంచి అన్నీ ఒక వరుస తేడాగా పడతాయి.

ఏ ప్రోగ్రాములు తమంతట తాము విరుస్తాయి? ఎల్ఎస్ (ఫైళ్ళ జాబితా చూపే కమాండ్) కాలమ్‌లుగా పేర్చేది అప్పటి వెడల్పుని కెర్నెల్‌ని అడిగి. మ్యాన్ పేజీ (కమాండ్ వాడకం వివరించే పేజీ) తెరిచిన క్షణంలో ఉన్న వెడల్పుకే ఫార్మాట్ అవుతుంది. తరవాత పేన్ పెంచినా పేరాలు అలాగే ఉంటాయి, బయటికి వచ్చి మళ్ళీ తెరవాల్సిందే. ఎప్పుడూ ఒకే వెడల్పు కావాలంటే మ్యాన్‌విడ్త్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 100 లాంటి సంఖ్య ఇచ్చుకోవచ్చు. దీనికి విరుద్ధం డాకర్ పీఎస్ (నడుస్తున్న కంటైనర్ల జాబితా చూపే కమాండ్). అది వెడల్పు పట్టించుకోకుండా పొడుగు లైన్లు వదులుతుంది. ఇరుకు పేన్‌లో చూడ్డానికి గందరగోళంగా ఉంటుంది గానీ, పేన్ పెంచగానే చక్కగా నిలబడుతుంది. లాగ్ ఫైల్‌ని టెయిల్ చేస్తే కూడా అంతే. నా దృష్టిలో టెర్మినల్ అవుట్‌పుట్ రాసేవాళ్ళకి ఇదే మంచి పద్ధతి: వెడల్పు గురించి ఊహలు వద్దు, లైన్‌ని లైన్‌గా వదిలేయండి, మడత సంగతి కింద ఉన్నది చూసుకుంటుంది.

ఇప్పుడు ఫుల్ స్క్రీన్ ప్రోగ్రాములు. విమ్ తెరవగానే ఆల్టర్నేట్ స్క్రీన్‌కి (ఇలాంటి ప్రోగ్రాముల కోసం ఉండే విడి తెరకి) మారుతుంది, పాత తెరని టీమక్స్ పక్కన దాస్తుంది. ఆ సమయంలో సైజ్ మార్చితే ఆల్టర్నేట్ స్క్రీన్‌ని రీఫ్లో చేయదు, కొత్త కొలతకి కత్తిరిస్తుంది లేదా ఖాళీ చేరుస్తుంది. అదే సమయంలో కెర్నెల్‌కి పేన్ కొత్త కొలత చెబుతుంది. కెర్నెల్ ఆ టెర్మినల్‌లో ముందు నడుస్తున్న ప్రాసెస్ గ్రూప్‌కి సిగ్‌విన్చ్ అనే సిగ్నల్ పంపుతుంది. విమ్ దాన్ని అందుకుని కొత్త కొలత చదివి తెరని మళ్ళీ గీస్తుంది. విమ్ మూశాక, దాచిన పాత తెర బయటికి వచ్చి అప్పుడు కొత్త వెడల్పుకి సర్దుకుంటుంది.

స్క్రోల్‌బ్యాక్‌లో అన్నీ మిగలాలని కొందరు ఆల్టర్నేట్-స్క్రీన్ ఆప్షన్‌ని ఆఫ్ చేస్తారు. అలా చేస్తే విమ్ గీతలన్నీ మామూలు తెర మీదే పడతాయి, సైజ్ మారినప్పుడల్లా వాటిని కూడా టీమక్స్ మామూలు టెక్స్ట్ అనుకుని మడుస్తుంది, ఆపైన విమ్ తన తెర గీస్తుంది. హిస్టరీ నిండా చెత్త పేరుకుంటుంది. ఆ ఆప్షన్ జోలికి వెళ్ళొద్దని నా సలహా.

గిట్‌లో దీని తమ్ముడు ఒకడున్నాడు. లెస్ వేరియబుల్ మీరు పెట్టుకోకపోతే, గిట్ తన పేజర్ (పొడుగు అవుట్‌పుట్‌ని పేజీలుగా చూపే ప్రోగ్రామ్) లెస్‌ని ఎఫ్, ఆర్, ఎక్స్ అనే మూడు ఫ్లాగులతో (కమాండ్‌కి ఇచ్చే ఆప్షన్లతో) నడుపుతుంది. చివరి ఎక్స్ వల్ల ఆల్టర్నేట్ స్క్రీన్ వాడదు. గిట్ లాగ్ చూస్తూ పేన్ సైజ్ మార్చితే పైన పాత ముక్కలు మిగిలేది అందుకే. కొత్త లెస్ ఉంటే గిట్ కాన్ఫిగ్‌లో కోర్.పేజర్‌కి ఎక్స్ తిరగేసే ఫ్లాగ్‌తో, అంటే లెస్ మైనస్ ప్లస్ క్యాపిటల్ ఎక్స్ అని ఇవ్వండి.

ఇక మీ ప్రాంప్ట్ సంగతి. ఇక్కడ ఇద్దరు ఒకే పని చేయబోయి ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటారు. పేన్ ఇరుకవగానే టీమక్స్ ప్రాంప్ట్ లైన్‌ని రెండు వరుసలుగా మడుస్తుంది, కర్సర్‌ని కూడా దాని అక్షరంతో పాటే జరుపుతుంది. ఆ వెంటనే సిగ్‌విన్చ్ అందిన షెల్ (మీరు టైప్ చేసే కమాండ్లని నడిపే బ్యాష్, జెడ్‌షెల్ లాంటి ప్రోగ్రామ్), ప్రాంప్ట్ ఇంకా పాత వరుసలోనే ఉందనుకుని, అక్కణ్ణుంచి తుడిచి మళ్ళీ గీస్తుంది. లెక్క కుదరకపోతే పాత దాని తల పైన మిగిలిపోతుంది. మౌస్‌తో అంచు పట్టుకుని మెల్లగా లాగితే ఇది పదేపదే జరుగుతుంది, ప్రాంప్ట్‌లు బారులు తీరుతాయి. జెడ్‌షెల్‌లో కుడివైపు ప్రాంప్ట్ పెట్టుకున్నవాళ్ళకి ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆ లైన్ దాదాపు కుడి అంచుదాకా సాగి ఉంటుంది, రెండు మూడు కాలమ్‌లు తగ్గినా మడత పడుతుంది.

చేయగలిగినవి:

ఒకటి, ప్రాంప్ట్‌లో రంగుల కోడ్‌లున్నచోట బ్యాష్‌లో వాటి చుట్టూ వెనుక గీతతో చదరపు బ్రాకెట్లు, జెడ్‌షెల్‌లో శాతం గుర్తుతో మీసాల బ్రాకెట్లు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే కనిపించని అక్షరాల్ని కూడా షెల్ కాలమ్‌లుగా లెక్కేస్తుంది. సైజ్ మార్చకపోయినా, పొడుగు కమాండ్ టైప్ చేస్తే అదే వరుస మీద మళ్ళీ రాయడం ఈ తప్పు వల్లే.

రెండు, జెడ్‌షెల్‌లో ట్రాన్సియెంట్-ఆర్‌ప్రాంప్ట్ ఆప్షన్ ఆన్ చేయండి. ఎంటర్ కొట్టిన లైన్ల కుడివైపు ప్రాంప్ట్ చెరిగిపోతుంది, పాత లైన్లు మడత పడవు.

మూడు, బ్యాష్ 5.0 కంటే పాతదైతే చెక్‌విన్‌సైజ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే కాలమ్స్ వేరియబుల్‌లో పాత వెడల్పే ఉండిపోతుంది, దాన్ని నమ్మే స్క్రిప్టులు పాత కొలతకే ముద్రిస్తాయి. 5.0 నుంచి ఇది ముందే ఆన్‌లో ఉంటుంది.

ప్రోగ్రెస్ బార్‌లదీ ఇదే జాతి సమస్య. బార్ క్యారేజ్ రిటర్న్‌తో వరుస మొదటికి వెళ్ళి మళ్ళీ రాస్తుంది. 160 కాలమ్‌ల బార్ గీశాక పేన్ 80 అయితే బార్ రెండు వరుసలవుతుంది, క్యారేజ్ రిటర్న్ రెండో వరుస మొదటికే తీసుకెళ్తుంది. మొదటి వరుస అలా మిగిలిపోతుంది. ప్రోగ్రామ్ సిగ్‌విన్చ్ పట్టించుకోకుండా 160 వెడల్పుకే రాస్తూ పోతే ప్రతి అప్‌డేట్‌కీ ఒక కొత్త వరుస పడుతుంది. టీమక్స్ వైపు నుంచి దీనికి మందు లేదు. బార్‌ని ఆపే ఫ్లాగ్ ఉంటే అది వాడండి, లేదా అవుట్‌పుట్‌ని ఫైల్‌కి మళ్ళించండి.

మానిటర్ తీయడం కంటే ఎక్కువ నష్టం చేసేది ఇంకొకటుంది: ఒకే సెషన్‌కి రెండు చోట్ల నుంచి అటాచ్ అవడం. టీమక్స్ 3.1 నుంచి విండో-సైజ్ ఆప్షన్ లేటెస్ట్ అని ఉంటుంది, అంటే చివరగా వాడిన క్లయింట్ (సెషన్‌కి అటాచ్ అయిన టెర్మినల్) కొలతే విండో కొలత. ఫోన్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌లో (దూరంలోని కంప్యూటర్‌కి కనెక్ట్ అయ్యే పద్ధతి) చేరి ఒక్క కీ నొక్కినా చాలు, ఆఫీసు మానిటర్ మీద 200 కాలమ్‌లతో నడుస్తున్న విండో 50కి కుంచించుకుపోతుంది, చుట్టూ చుక్కలు కనిపిస్తాయి. లోపల నడుస్తున్నవన్నీ ఆ క్షణం నుంచి 50కి ఫార్మాట్ చేస్తాయి. పైన చెప్పినట్టు అది ఇక అతుక్కోదు. అందుకే చూడ్డానికి మాత్రమే చేరేటప్పుడు అటాచ్ కమాండ్‌కి మైనస్ ఆర్ ఇవ్వండి. 3.2 నుంచి అది చదవడానికి మాత్రమే అన్నదానితో పాటు 'నా కొలత లెక్కలోకి తీసుకోవద్దు' అని కూడా చెబుతుంది. టైప్ కూడా చేయాలంటే మైనస్ ఎఫ్ ఇచ్చి ఇగ్నోర్-సైజ్ అనండి. పాత క్లయింట్ ఎక్కడో వదిలేసి వచ్చారా? మైనస్ డీతో అటాచ్ అయితే మిగతావాళ్ళందరూ డిటాచ్ అవుతారు.

రాత్రంతా నడిచే పని ఉంటే ఇంకా గట్టిగా కట్టేయొచ్చు. రీసైజ్-విండో కమాండ్‌కి మైనస్ ఎక్స్ 200 ఇస్తే ఎవరు ఎక్కడి నుంచి చేరినా విండో 200 దగ్గరే ఉంటుంది. చిన్న తెర వాళ్ళకి అందులో కొంత భాగమే కనిపిస్తుంది. ఒక్క చిక్కు: ఈ కమాండ్ ఆ విండోకి విండో-సైజ్‌ని మాన్యువల్‌గా మార్చేస్తుంది. పని అయ్యాక దాన్ని తిరిగి లేటెస్ట్ చేయకపోతే, 'టెర్మినల్ పెంచినా విండో పెరగడం లేదు' అనే ఇంకో ప్రశ్నతో వస్తారు.

దాదాపు ఎవరూ అనుమానించని చోటు ఇంకోటి. క్రాన్ (పెట్టిన వేళకి పనులు నడిపేది) నుంచో స్టార్టప్ స్క్రిప్ట్ నుంచో డిటాచ్డ్ సెషన్ (ఎవరూ అటాచ్ కాకుండా నడిచేది) మొదలుపెడితే క్లయింటే లేదు, కొలత ఎవరు చెబుతారు? 80 కాలమ్‌లు, 24 వరుసలు తీసుకుంటుంది. మీరు పొద్దున్న 200 కాలమ్‌లతో చేరేసరికి రాత్రి వచ్చిన టేబుల్స్ అన్నీ 80కి విరిగి ఉంటాయి. న్యూ-సెషన్ కమాండ్‌కి మైనస్ డీతో పాటు మైనస్ ఎక్స్ 200, మైనస్ వై 50 కూడా ఇవ్వండి. ప్రతిసారీ రాయడం ఇష్టం లేకపోతే డిఫాల్ట్-సైజ్ ఆప్షన్‌లో పెట్టేయండి.

మడత పడిన లైన్లని కాపీ చేసేటప్పుడు టీమక్స్ కాపీ మోడ్‌లో ఎంచుకుంటే మడత దగ్గర న్యూలైన్ రాదు, ఒకే లైన్‌గా వస్తుంది. రెండు పేన్‌లు పక్కపక్కన ఉన్నప్పుడు షిఫ్ట్ నొక్కి బయటి టెర్మినల్‌తో ఎంచుకుంటే మాత్రం మధ్య గీత, పక్క పేన్ టెక్స్ట్ అన్నీ కలిసి వస్తాయి. తప్పనిసరైతే ప్రిఫిక్స్ (టీమక్స్ కమాండ్లకి ముందు నొక్కే కీ), జెడ్‌తో పేన్‌ని జూమ్ చేసి ఆపైన ఎంచుకోండి. స్క్రిప్ట్ నుంచి తీయాలంటే క్యాప్చర్-పేన్‌కి మైనస్ పీ, మైనస్ క్యాపిటల్ జే ఇవ్వండి. జే లేకపోతే మడతలు న్యూలైన్‌లుగా మారి వస్తాయి, లాగ్‌లో పొడుగు యూఆర్ఎల్ వెతికితే దొరకనిది అందుకే. మొత్తం హిస్టరీ కావాలంటే మైనస్ క్యాపిటల్ ఎస్ పక్కన ఒక మైనస్ పెట్టండి.

హిస్టరీ లెక్క కూడా వరుసల్లోనే, అసలు లైన్లలో కాదు. హిస్టరీ-లిమిట్ మామూలుగా 2000. 200 అక్షరాల లాగ్ లైన్లు 200 కాలమ్‌ల పేన్‌లో 2000 పడితే, 50 కాలమ్‌ల పేన్‌లో 500 లైన్లతోనే నిండిపోతుంది. అలా పైనుంచి రాలిపోయినవి పేన్ పెంచినా తిరిగి రావు. లిమిట్ పెంచుకోండి, కానీ ఇప్పటికే తెరిచి ఉన్న పేన్‌లకి అది వర్తించదు, కొత్తవాటికే. అలాగని లక్షల్లో పెట్టి డజన్లకొద్దీ పేన్‌లు తెరిస్తే, వెడల్పు మారిన ప్రతిసారీ అన్నిటినీ తిరిగి పేర్చాలి, ఆ తడబాటు కంటికి తెలుస్తుంది. నిజంగా పోకూడని అవుట్‌పుట్ అయితే స్క్రోల్‌బ్యాక్‌ని నమ్ముకోకుండా పైప్-పేన్‌తో ఫైల్‌కి రాయించండి. ప్రోగ్రామ్ పంపిన బైట్‌లు ఉన్నవున్నట్టు వెళ్తాయి, టీమక్స్ మడతలేవీ అందులో ఉండవు. రంగుల కోడ్‌లు మాత్రం ఉంటాయి.

టీమక్స్ లాంటిదే అయిన గ్నూ స్క్రీన్ వాడేవాళ్ళకి ఒక మాట. అటాచ్ అయ్యాక విండో పాత కొలతలోనే ఉండిపోతే కంట్రోల్-ఏ తరవాత క్యాపిటల్ ఎఫ్ కొట్టండి, ఇప్పుడున్న చోటుకి సరిపోతుంది. అన్ని విండోలూ ఒకేసారి సర్దుకోవాలంటే క్యాపిటల్ ఏ ఫ్లాగ్‌తో అటాచ్ అవ్వండి. కంట్రోల్-ఏ తరవాత ఆర్ పొరపాటున తగిలితే మడత పెట్టడమే ఆగిపోతుంది, పొడుగు లైన్ల చివర్లు కనిపించవు. మళ్ళీ అదే కొడితే సరి.

సైజ్ సమాచారం అసలు చేరని సందర్భమూ ఉంది. ఎస్ఎస్‌హెచ్‌లో కొలత మారిన సంగతి ప్రోటోకాల్‌లోనే వెళ్తుంది, కాబట్టి అక్కడ ఇబ్బంది ఉండదు. సీరియల్ కన్సోల్‌లో అలాంటి దారి లేదు. ఎస్‌టీటీవై సైజ్ అని కొడితే ముందు వరుసలు, తరవాత కాలమ్‌లు చూపిస్తుంది. అక్కడ రెండు సున్నాలు గానీ, పేన్‌తో సరిపోలని సంఖ్యలు గానీ ఉంటే ఎస్‌టీటీవైకి రోస్ 50, కాల్స్ 160 అని చేత్తో ఇవ్వండి.

మీ లాగ్‌లలో తెలుగు ఉంటే ఇంకో తలనొప్పి తోడవుతుంది, పైవాటితో సంబంధం లేనిది. ఒక అక్షరం ఎన్ని కాలమ్‌లు తీసుకుంటుందన్నది టీమక్స్ ఒక పట్టిక చూసి లెక్కేస్తుంది, బయటి టెర్మినల్ తన పట్టిక చూసి లెక్కేస్తుంది. యూనికోడ్‌లో గుడి, పొల్లు చోటు తీసుకోని గుర్తులు. కొమ్ము, సున్న మాత్రం చోటు తీసుకునే గుర్తుల వర్గంలో ఉన్నాయి. విడివిడిగా లెక్కేసే సాధారణ పద్ధతిలో 'కుక్క' అంటే నాలుగు కాలమ్‌లు: మూడు క-లు, ఒక కొమ్ము, పొల్లుకి సున్నా. ఒత్తుతో సహా గుణింతాన్ని ఒకే గడిలో పెట్టే టెర్మినల్ లెక్క వేరు. రెండు లెక్కలు కుదరనప్పుడు మడత పడాల్సిన చోటు తప్పుతుంది, కర్సర్ పక్కకి జారుతుంది, పేన్‌ల మధ్య గీత ఆ వరుసలో వంకరపోతుంది. గ్రిడ్‌లో టెక్స్ట్ మాత్రం సరిగ్గానే ఉంటుంది: క్యాప్చర్-పేన్‌తో ఫైల్‌కి తీసి ఎడిటర్‌లో తెరిస్తే తెలుస్తుంది. తెర మీద చెదిరితే ప్రిఫిక్స్ తరవాత ఆర్ కొట్టి మళ్ళీ గీయించండి. అయినా అదే వరుస అలాగే వంకరగా వస్తే లెక్కల తేడా అని ఖాయం చేసుకుని, తెలుగు లైన్లున్న ఆ పేన్‌ని నిలువుగా విడగొట్టకుండా పూర్తి వెడల్పులో ఉంచండి.